కట్టేవారు సరే, పోషించేదెవరు?

సంపాదకుడు గారికి,

సర్కస్‌లలోనూ ప్రయోగశాలల్లోనూ ఏళ్ల తరబడి వాడుకుని, వయసు మీదపడ్డాక వదిలించుకున్న అరుదైన జంతువుల కోసం స్వచ్ఛంద కార్యకర్తలు శ్రమదానంతో ఆశ్రయం కడుతున్నారని మీ పత్రికలో చదివాను. సెలవు రోజుల్లో వెళ్లి గోతులు తవ్వి, కంచె స్తంభాలు నిలబెడుతున్న వారిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఆ వార్తలో నేను వెతికిన సంగతి ఒక్కటి కనపడలేదు. ఆ జంతువులు బతికినన్నాళ్లూ వాటి ఖర్చు ఎవరిది?

ఆసియా ఏనుగు 60 ఏళ్లకు పైగా బతకగలదు. మనుషుల సంరక్షణలో ఉన్న చింపాంజీలు 50 దాటినవీ ఉన్నాయి. అంటే నడివయసు ఏనుగును తెచ్చుకుంటే ఇంకో ఇరవై ఏళ్ల బాధ్యత నెత్తికెత్తుకున్నట్టే. రోజుకు 100 కిలోలకు పైగా మేత కావాలి. సిమెంటు నేల మీదే ఏళ్లు గడిపిన ఏనుగుకు పాదాలు పాడవుతాయి. వాటిని రోజూ కడగాలి, మందు నీళ్లలో నానబెట్టాలి, గోళ్లు అరగదీయాలి. కీళ్ల నొప్పులకు మందులు వేరే. ఏనుగులకు మనుషుల నుంచి క్షయ కూడా సోకుతుంది కాబట్టి పరీక్షలు తప్పవు. అడవిలో వదిలేస్తే పోలా అనేవారుంటారు. బోనులో పుట్టి పెరిగిన పులికి వేట రాదు, మనిషంటే బెదురు ఉండదు. అది ఆకలేస్తే ఎటు వస్తుందో వేరే చెప్పాలా?

పోనీ, టికెట్లు పెట్టి నడుపుకోవచ్చు కదా అంటారు. అలా పెడితే అది ఇంకో ప్రదర్శనశాల అవుతుంది. అమెరికాలోని టెనసీలో 1995లో మొదలైన ఏనుగుల ఆశ్రయం సందర్శకులను ఏనుగుల దగ్గరికి పంపదు. చూడాలనుకున్నవారు కెమెరాల్లో చూడాల్సిందే. పిల్లల్ని పుట్టించడం, అమ్మకాలు, పక్కన నిలబడి సెల్ఫీలు ఉన్న చోటు బోర్డు మీద ఏం రాసుకున్నా నా దృష్టిలో వ్యాపారమే.

కాబట్టి డబ్బు ముందుగా ఆ జంతువుల మీద లాభపడినవారి నుంచే రావాలి. ఏరు దాటాక తెప్ప తగలేసే పద్ధతి చట్టంతోనే ఆగుతుంది. అమెరికాలో ప్రభుత్వ పరిశోధనల్లో వాడిన చింపాంజీల కోసం 2000లో అలాంటి చట్టమే తెచ్చారు. ఆశ్రయం నడిపే సంస్థ నిర్మాణ ఖర్చులో 10 శాతం, నిర్వహణలో 25 శాతం భరిస్తే, మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. పరిశోధనకు పనికిరావు కదా అని వాటిని చంపేయడానికీ వీల్లేదు. ఆ చట్టం కింద ఎంపికైన, లూసియానాలోని చింప్ హేవెన్ ఆశ్రయానికి 2005లో తొలి చింపాంజీలు వచ్చాయి. అంతా సవ్యంగా జరగలేదు. 2019కి వచ్చేసరికి ఒక పరిశోధన కేంద్రంలో మిగిలిన 44 చింపాంజీలు ప్రయాణం తట్టుకోలేనంత నీరసించాయని చెప్పి, వాటిని అక్కడే ఉంచేయాలని అధికారులు నిర్ణయించారు. ముసలితనం ఫైళ్ల కోసం ఆగదు.

విరాళాలతోనే నడిపితే ఎంత కాలం పడుతుందో ఇంకో ఉదాహరణ చెబుతుంది. 2002లో న్యూమెక్సికోలోని ఒక ప్రయోగశాల నుంచి 266 చింపాంజీల బాధ్యతను సేవ్ ది చింప్స్ సంస్థ తీసుకుంది. చింపాంజీలకు ఈత రాదు కాబట్టి ఫ్లోరిడాలో చుట్టూ నీళ్లుండే చిన్న చిన్న దీవులు సిద్ధం చేశారు. చివరి చింపాంజీలు అక్కడికి చేరేసరికి 2011 వచ్చింది. పెద్ద దాతల అండ ఉన్నవారికే ఇన్నేళ్లు పట్టిందంటే, ఆదివారాలు వచ్చి పనిచేసే కార్యకర్తల మీద మొత్తం భారం వేయడం న్యాయమేనా?

నేను కోరేది ఇంతే. జంతువును అప్పగించేవారు దాని మిగిలిన జీవితానికి సరిపడా సొమ్ము కూడా జమ చేయాలి. ఆశ్రయం నడవడానికి నిధి ఎంతుందో, సంస్థ మూతపడితే జంతువులు ఎక్కడికి వెళతాయో చూశాకే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. ఈ రెండూ తేలేదాకా కార్యకర్తలు కూడా, ఎంత జాలి కలిగినా, తాము సాకగలిగిన వాటికి మించి ఒక్కదాన్నీ ఒప్పుకోకూడదు. జాలితో ఎక్కువ జంతువులను చేర్చుకుని తిండి పెట్టలేకపోవడమే అన్నిటికన్నా ఘోరం.

ఇక మీ పత్రికకు ఒక విన్నపం. ప్రారంభోత్సవం ఫోటోలతో సరిపెట్టకుండా, ఏడాది తర్వాత మీ విలేకరిని మళ్లీ అక్కడికి పంపండి. మేత, మందుల బిల్లులు ఎవరు కట్టారో అడిగి రాయమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు