కరువు పని అనే మాట

ప్రియమైన శీనూ,

ఎలా ఉన్నావురా? ఏం చదువుతున్నావని అడిగావు కదా, తీరిగ్గా చెబుతా విను.

మా అవ్వ ఉపాధి హామీ పనిని ఇప్పటికీ "కరువు పని" అనే అంటుంది. మా ఊళ్లో చాలామంది అంతే. పదిహేను రోజులుగా ఆ మాట మామూలుగా వినలేకపోతున్నాను. అమెరికన్ రచయిత మైక్ డేవిస్ 2001లో రాసిన 'లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్' చదువుతున్నా. ధాత కరువు అని పెద్దవాళ్లు చెప్పేవారే, 1876-78 నాటిది, అది ఇందులో చాలా పేజీలు ఉంది. మన కర్నూలు, కడప, బళ్లారి బాగా దెబ్బతిన్న జిల్లాలు.

పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్ నినో వచ్చింది, వానలు పోయాయి. అవే ఏళ్లలో ఉత్తర చైనాలో, బ్రెజిల్‌లో కూడా జనం తిండి లేక చనిపోయారు. కానీ వాన పోవడం వేరు, మనిషి చావడం వేరు అంటాడు డేవిస్. నన్ను పట్టుకుని వదలనిది ఆ మాటే. రైళ్లున్నాయి, తంతి ఉంది, వేరేచోట ధాన్యమూ ఉంది. ధరల్లో సర్కారు వేలు పెట్టకూడదని వైస్రాయ్ లిట్టన్ పట్టుబట్టాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు మాత్రం ఘనంగా జరిపాడు!

బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. 1873-74 బిహార్ కరువులో ఈయనే బర్మా నుంచి బియ్యం తెప్పించి చావులు దాదాపు లేకుండా ఆపాడు. మెచ్చుకోవాల్సింది పోయి, డబ్బు తగలేశావని పైవాళ్లు తిట్టారు. మూడేళ్లకు అదే మనిషి మద్రాసుకొచ్చి కరువు పనిలో, అంటే తిండి లేనివాళ్లకు సర్కారు కూలికి పెట్టిన పనిలో, మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, మీదికి కొంచెం డబ్బు చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. ఎండలో రోజంతా మట్టి మోసేవాడికి! అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మనుషుల్ని ఎలా బతికించాలో టెంపుల్‌కు తెలుసు శీనూ, తెలిసీ ఆ కొలత పెట్టాడు. అందుకే నాకంత కోపం.

మద్రాసులో అడయారు, కూవం నదుల్ని కలిపే బకింగ్‌హామ్ కాలువ ముక్క చూశావు కదా? అది ఆ కరువు పనిలో తవ్విందే. దాని మీది వంతెన దాటి ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారీ ఎవరు తవ్వారని అనుకోలేదు.

ఆ కరువులో మన దేశంలో చనిపోయినవాళ్లు 50 లక్షలకు పైనే అని లెక్కలు. మన బడి పుస్తకంలో దీని గురించి ఎంతుందో గుర్తుందా? నాకైతే ఒక్క వాక్యం కూడా గుర్తు రావడం లేదు.

పుస్తకం కాస్త బరువే. చైనా, బ్రెజిల్ అధ్యాయాల్లో పేర్లు ఎక్కువై నేనూ మెల్లగా నడిచాను. నువ్వు ముందు భారతదేశం భాగం చదువు, మిగతావి తర్వాత. ఇది అయ్యాక పాత్రికేయుడు పి. సాయినాథ్ 1996 నాటి 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్' మళ్లీ చదవాలనుంది. కరువు వస్తే ఎవరికి లాభమో ఊళ్లు తిరిగి రాసినవాడు ఆయన.

నాది శనివారానికి పూర్తవుతుంది, పార్సిల్ చేస్తాను. మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకున్నాను, చెరపకు. నీవి పక్కనే రాయి. మీ జేజి ధాత కరువు గురించి ఏమైనా విని ఉంటే అడిగి, ఆమె చెప్పినట్టే రాసి పంపు.

నీ
రఘు