ఆతిథ్య జట్టుకు ఈ అనుకూలత ఎందుకు?

సంపాదకులకు నమస్కారాలు.

అమెరికా కళాశాలల పురుషుల ఐస్ హాకీ జాతీయ టోర్నమెంటుకు జట్ల ఎంపిక సక్రమంగా జరగడం లేదని ప్రతి మార్చిలోనూ వాదోపవాదాలు చెలరేగుతుంటాయి. ఇక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల్లోనూ ఈ ఆట అభిమానులు ఉన్నారు కాబట్టి మీ పత్రిక ద్వారా నా అభిప్రాయం చెప్పదలచుకున్నాను. అన్యాయం జరుగుతున్నది ఎంపికలో కాదు, ఎంపికైన జట్లను ఏ ఊరికి పంపాలో తేల్చే దగ్గర.

టోర్నమెంటులో ఆడే 16 జట్లలో ఆరు తమ తమ లీగుల్లో విజేతలుగా నేరుగా వస్తాయి. మిగిలిన పదింటినీ సీజన్ మొత్తం ఫలితాలను, ప్రత్యర్థుల బలాన్ని లెక్కలోకి తీసుకునే గణిత సూత్రమే తేలుస్తుంది. 2018లో మిన్నెసోటా జట్టు 0.0001 తేడాతో ఆ చివరి చోటును కోల్పోయింది. దాన్ని దక్కించుకున్న మిన్నెసోటా డులూత్ ఏకంగా టైటిలే గెలిచింది, అదీ మిన్నెసోటా విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లో. చోటు కోల్పోయిన జట్టు అభిమానులకు అది ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించగలను. అయినా ఆ లెక్క అందరికీ ముందే తెలుసు, ఎవరికి వారు వేసి చూసుకోవచ్చు, ఎవరి ఇష్టాయిష్టాలకూ అందులో చోటు లేదు. జట్టు ఎంపిక అనగానే సిఫారసుల మాట వింటూ పెరిగిన నాలాంటివారికి ఆ పారదర్శకత విలువ బాగా తెలుసు. 2025-26 సీజన్ నుంచి పాత సూత్రం స్థానంలో ఎన్‌పీఐ అనే కొత్త కొలమానం వచ్చింది. అదీ లెక్కే కనుక నాకు అభ్యంతరం లేదు.

ఇంత నిక్కచ్చిగా ర్యాంకులు ఇచ్చాక జరిగేదే నాకు మింగుడుపడదు. నాలుగేసి జట్లతో నాలుగు నగరాల్లో జరిగే రీజినల్ పోటీలకు, అంటే టోర్నమెంటు తొలి రౌండ్లకు, ఆతిథ్యం ఇచ్చే విశ్వవిద్యాలయాలు ముందుగానే ఖరారవుతాయి. ఆ విశ్వవిద్యాలయపు జట్టు టోర్నమెంటుకు అర్హత సాధిస్తే, సీడ్ (ర్యాంకును బట్టి టోర్నమెంటులో ఇచ్చే స్థానం) ఎంత కిందిదైనా సరే, దాన్ని తన ఆతిథ్య నగరంలోనే ఆడించాలన్నది నిబంధన. 2025లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో ఇదే జరిగింది. హాకీ ఈస్ట్ లీగ్ విజేతగా, దేశంలోని నలుగురు అగ్రశ్రేణి సీడ్‌లలో ఒకటిగా వచ్చిన మెయిన్ విశ్వవిద్యాలయపు జట్టు కనీసం ఎనిమిది గంటల దూరం నుంచి వచ్చి, ఆ రీజినల్‌లో అట్టడుగు సీడ్ అయిన పెన్ స్టేట్‌తో తలపడింది. పెన్ స్టేట్ క్యాంపస్ అక్కడికి మూడు గంటల దూరమే, పైగా ఆతిథ్య విశ్వవిద్యాలయమూ అదే. కాగితం మీద ‘హోమ్’ జట్టు మెయినే. ఆట ఆగిన ప్రతిసారీ ప్రత్యర్థి ఎవరిని దింపిందో చూసి తన ఆటగాళ్లను మార్చుకునే వెసులుబాటు పై సీడ్‌గా దానికే దక్కింది. గ్యాలరీలోని కేకలు మాత్రం పెన్ స్టేట్‌వి. 5-1తో గెలిచిన పెన్ స్టేట్, తర్వాతి మ్యాచ్ కూడా నెగ్గి తొలిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు, అంటే చివరి నాలుగు జట్ల దశకు, చేరింది.

నేను ఉండేది పెన్సిల్వేనియాలోనే కాబట్టి ఆ విజయానికి నాకూ సంతోషమే. ఆ కుర్రాళ్లు అద్భుతంగా ఆడారు, వారి ప్రతిభను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే అక్టోబరు నుంచి మార్చి దాకా కష్టపడి పై సీడ్ సంపాదించిన జట్టుకు దక్కాల్సిన సౌకర్యం, ముందెప్పుడో వేసిన ఆతిథ్య బిడ్ కారణంగా మరో జట్టుకు దక్కడం ఏ న్యాయం?

ఆతిథ్య జట్టు లేకపోతే టికెట్లు అమ్ముడుపోవనీ, ఖర్చు భరించేవారికి ఆ మాత్రం భరోసా ఉండాలనీ నిర్వాహకులు అంటారు. అందులో కొంత నిజం ఉంది, తటస్థ వేదికల్లో ఖాళీ కుర్చీలు మేమూ చూస్తూనే ఉన్నాం. దానికి మందు మహిళల టోర్నమెంటులోనే ఉంది. అక్కడ ఫ్రోజెన్ ఫోర్‌కు ముందు మ్యాచ్‌లు పై సీడ్ జట్ల సొంత రింకుల్లో జరుగుతాయి. పురుషుల పోటీల్లోనూ 1992లో రీజినల్ పద్ధతి రాకముందు తొలి రౌండ్లు క్యాంపస్‌లలోనే జరిగేవి. అవే ఇప్పుడూ అక్కడ జరిగితే విద్యార్థులు నడిచి వచ్చి చూస్తారు, స్టాండ్లు నిండుతాయి, సొంత రింకు అనుకూలత సీజన్‌లో దాన్ని సంపాదించుకున్న జట్టుకే చెందుతుంది.

అంత మార్పు ఒక్కసారిగా సాధ్యం కాకపోతే, ఆతిథ్య జట్టు మొదటి ఎనిమిది స్థానాల్లో ఉంటేనే దాన్ని సొంత రీజినల్‌లో ఆడించాలన్న షరతునైనా వచ్చే సీజన్‌కు ముందే ప్రకటించాలని కళాశాలల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ కమిటీని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పెన్సిల్వేనియా