‘ఫ్రీ రెయిన్’ పాఠంలోని తప్పులపై ఫిర్యాదు

పాఠాల విభాగం బాధ్యులకు,

విషయం: స్వేచ్ఛకు సంబంధించిన ఇంగ్లిష్ జాతీయాల పాఠంలో ‘ఫ్రీ రెయిన్’ స్పెల్లింగ్, అర్థం, ఉదాహరణ సరిచేయాలని కోరుతూ.

అయ్యా / అమ్మా,

నేను పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. మీ యాప్‌లో తెలుగులో వివరణలు ఉన్నాయని, దాన్ని వాడమని వాళ్ళకు నేనే చెప్పాను. పోయిన వారం మీ క్విజ్‌లో ఒక అమ్మాయి ‘ఫ్రీ రెయిన్’లోని రెండో మాటను ఆర్, ఇ, ఐ, ఎన్ అని సరిగ్గా రాసింది. యాప్ దాన్ని తప్పుగా చూపించి, మధ్యలో ‘జి’ ఉండాలని దిద్దింది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, “మీరు చెప్పిందే తప్పా మేడమ్?” అని అడిగింది. రెండుసార్లు మీకు రాశాను. రెండుసార్లూ ఒకే ఆటోమేటిక్ జవాబు వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

‘జి’ ఉన్న రెయిన్ అంటే రాజ్యపాలన. రాజ్యం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. ‘జి’ లేనిది గుర్రం పగ్గం. పట్టి ఉంచడం అనే అర్థమున్న మరో లాటిన్ మాట దాని మూలం. ‘రిటెయిన్’ కూడా అక్కడి నుంచే పుట్టింది. రెండూ పలకడంలో ఒకటే కాబట్టి ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా పొరబడతారు. మనకైతే ఇంకా తేలిగ్గా పొరపాటు వస్తుంది, ఎందుకంటే అధికారంలోకి వచ్చినవాళ్ళను మనం ‘పగ్గాలు చేపట్టారు’ అంటాం. తెలుగువాళ్ళకు నేర్పే యాప్ ఈ మాట దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి కదా.

స్పెల్లింగ్ కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మీరిచ్చిన అర్థం: ‘పట్టపగ్గాలు లేకపోవడం’. ఒక మనిషికి పట్టపగ్గాలు లేవంటే తెలుగులో అది నింద. ఫ్రీ రెయిన్‌లో ఆ నింద లేదు. ఎగుడుదిగుడు దారిలో రౌతు పగ్గం వదులు చేసి, అడుగు ఎక్కడ వేయాలో గుర్రానికే వదిలేస్తాడు. పగ్గం మాత్రం అతని చేతిలోనే ఉంటుంది, కావాలంటే మళ్ళీ బిగించగలడు. అంటే ఇది ఒకరు నమ్మి మరొకరికి ఇచ్చే స్వేచ్ఛ. ఇచ్చినవాళ్ళు తిరిగి తీసుకోగల స్వేచ్ఛ కూడా.

ఇది అర్థమైతే మీ ఉదాహరణలో తప్పు దానంతటదే తెలుస్తుంది. ‘పరాయి పాలన పోయి దేశానికి ఫ్రీ రెయిన్ వచ్చింది’ అని రాశారు. పోరాడి తెచ్చుకున్న స్వాతంత్ర్యం ఎవరో పగ్గం వదులు చేస్తే వచ్చింది కాదు, దాన్ని మళ్ళీ బిగించే హక్కూ ఎవరికీ లేదు. అక్కడ ‘ఫ్రీడమ్’ లేదా ‘ఇండిపెండెన్స్’ అనాలి. ‘కవర్ డిజైన్ విషయంలో ఎడిటర్ ఆర్టిస్టుకు ఫ్రీ రెయిన్ ఇచ్చారు’ లాంటి వాక్యం పెడితే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఊహకు, కోపానికి ‘ఫ్రీ రెయిన్ ఇవ్వడం’ అనే వాడుక కూడా ఉంది. అక్కడ మనసులోది అణచుకోకుండా వదిలేయడమని అర్థం. దీనికి ఎదురుగా ఉండే ‘టైట్ రెయిన్’ (గట్టి అదుపు), ‘రెయిన్ ఇన్’ (అదుపులోకి తేవడం) పక్కనే చెబితే గుర్రం బొమ్మ కళ్ళముందు నిలుస్తుంది, ‘జి’ గురించిన టెన్షన్ కూడా ఉండదు.

పాఠం, క్విజ్ రెండూ సరిచేయండి. ఈ పాఠం ఇప్పటికే పూర్తిచేసినవాళ్ళకు తప్పు జరిగిందని, సరైనది ఇదని నోటిఫికేషన్ పంపండి. రోజూ ప్రాక్టీస్ చేయమని గుర్తుచేసే మీకు అది కష్టమేమీ కాదు. వాళ్ళలో కొందరు పరీక్షల్లోనో, ఉద్యోగం దరఖాస్తులోనో ఇదే తప్పు రాసే ప్రమాదం ఉంది.

క్విజ్ స్క్రీన్‌షాట్లు జతచేస్తున్నాను. ఆ అమ్మాయికి పోయిన మార్కు కలిపి, నాకు తెలియజేయండి. ఆ మాట తనకు నేనే చెబుతాను.

ఇట్లు,
మీ యాప్ చందాదారు,
ఒక ఇంగ్లిష్ టీచర్