తెలుగు అక్షరాన్ని వదిలేసిన సమాచార విప్లవం

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

సమాచార సాధనాల పరిణామం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి కొన్ని రోజులైంది. అందులోని లోపాన్ని మరెవరైనా ఎత్తిచూపుతారేమోనని ఎదురుచూశాను. ఎవరూ రాయకపోవడంతో నేనే రాయవలసి వచ్చింది. 1844లో మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు పంపిన టెలిగ్రాం, 1876లో బెల్ పొందిన టెలిఫోన్ పేటెంటు, 1947లో పుట్టిన ట్రాన్సిస్టర్, 1989లో టిమ్ బెర్నర్స్‌లీ ప్రతిపాదించిన వెబ్, ఇలా పేర్లూ సంవత్సరాలూ వరసగా ఇచ్చి, చివరికి ‘నేడు ఇవన్నీ తెలుగులోనూ అందుబాటులో ఉన్నాయి’ అని ఒక్క వాక్యంతో ముగించారు. నా అభ్యంతరమంతా ఆ వాక్యం మీదే.

ఏ యంత్రం ఎప్పుడు పుట్టిందన్నది ఒక చరిత్ర అయితే, ఆ యంత్రంలోకి తెలుగు ఎప్పుడు, ఎంత కష్టపడి ప్రవేశించిందన్నది మరొక చరిత్ర. ఈ రెండో చరిత్ర మీ వ్యాసంలో లేదు. గొంతును మోసే యంత్రాలతో మనకు ఇబ్బంది రాలేదు. టెలిఫోను వచ్చిన రోజునే అందులో తెలుగు మాట్లాడవచ్చు. రేడియో కూడా అంతే. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన నాటి నుంచి మన మాట మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. చిక్కంతా అక్షరాన్ని మోసే యంత్రాలతోనే వచ్చింది. గుటెన్‌బర్గ్ అచ్చు మొదలుపెట్టిన దాదాపు మూడు వందల ఏళ్లకు గానీ, 1746లో, జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకం అచ్చు కాలేదు. మన ఊళ్లకు వచ్చే టెలిగ్రాం ఇంగ్లీషులో వచ్చేది. ఎవరికి ఏమైందోనన్న భయంతో దాన్ని పట్టుకుని ఇంగ్లీషు తెలిసిన మాస్టారి ఇంటికి పరుగెత్తేవారు. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయినప్పుడు అన్ని పత్రికలూ ఆర్ద్రంగా వీడ్కోలు రాశాయి కానీ, ఈ సంగతి పట్టించుకున్నవారు తక్కువ.

ఈ విషయం నాకు పుస్తకాల వల్ల తెలిసింది కాదు. విజయవాడ గవర్నర్‌పేటలోని ముద్రణాలయాల్లో ప్రూఫులు దిద్దుతూ ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి. సీసపు అక్షరాల కాలంలో ఇంగ్లీషు కంపోజిటర్‌కు, అంటే అచ్చు కోసం అక్షరాలు పేర్చే పనివాడికి, కొద్దిపాటి గళ్లున్న కేసు (అక్షరాల పెట్టె) సరిపోయేది. తెలుగు కంపోజిటర్ మాత్రం అక్షరాలకు, గుణింతాలకు, వత్తులకు వేరువేరు గళ్లు గుర్తుపెట్టుకుని, నిలబడి, ఒక్కొక్క ముక్కా ఏరి, చేతిలో పట్టుకునే స్టిక్కు అనే పళ్లెంలో పేర్చేవాడు. ఒక వత్తు అరిగినా, జారిపోయినా ‘అమ్మ’ కాస్తా ‘అమ’గా అచ్చయ్యేది. ఆ నేర్పుతోనే ఈ నగరం తెలుగు పుస్తకాల అచ్చుకు కేంద్రమైంది. ఆ పనివాళ్ల ఊసు ఏ విప్లవాల వ్యాసంలోనూ కనిపించదు.

తరువాత కంప్యూటర్లు, వాటి వెంట తెర మీదే పేజీలు కూర్చే డీటీపీ వచ్చాయి. అప్పటి యంత్రాలు ఇంగ్లీషు కోసం ఏర్పడిన సంకేతాలనే ఎరుగును గనుక, ఆ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు తలకట్లనూ కొమ్ములనూ వత్తులనూ ముక్కలుగా కూర్చి ఫాంట్లు తయారుచేశారు. ఆనాటికి అది గొప్ప ఉపాయం. దాని వల్లనే వేలాది పుస్తకాలు వెలువడ్డాయి, ఎందరికో ఉపాధి దొరికింది. అయితే తెర మీద కనిపించేది తెలుగే కానీ, లోపల నిలవ ఉండేది ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే చదవడానికి ఏమీ మిగలదు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫాంటు పెట్టుకోవడంతో, ఒకరి తెలుగు మరొకరికి అందకుండా పోయింది. తొలినాళ్లలో తెలుగు పత్రికలను ఇంటర్నెట్‌లో చదవాలంటే ఏ పత్రిక ఫాంటును ఆ పత్రిక నుంచే తెచ్చుకోవలసి వచ్చేది.

ఈ చిక్కుకు పరిష్కారం 1991లోనే వచ్చింది. ఆ ఏడాదే కంప్యూటర్లలో భారతీయ లిపుల సంకేతాలకు ఇస్కీ అనే ప్రమాణం ఖరారైంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ వేరువేరు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. ఆ ఏడాదే వెలువడిన దాని మొదటి కూర్పులో తెలుగుకు 128 స్థానాల పట్టిక కేటాయించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగును చూపించగలిగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలను జీతం భత్యం లేకుండా తయారుచేసి పంచిపెట్టిన తెలుగువారున్నారు. మీ వ్యాసంలోని ‘అందుబాటు’ వెనుక ఉన్న శ్రమ ఇదీ. వీటిలో ఒక్కటి కూడా మీ వ్యాసకర్త కంటికి ఆనకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

పోనీ, ఆ అందుబాటైనా పూర్తిగా ఉందా? నగరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయం వెబ్‌సైటులో నాకు కావలసిన ఉత్తర్వు కోసం వెతికాను. ఉత్తర్వు తెలుగులోనే ఉంది, కానీ కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన పీడీఎఫ్. ఊరి పేరు కొడితే దొరకదు, సర్వే నంబరు కొట్టినా దొరకదు. మరికొన్ని ఉత్తర్వులు పాత ఫాంట్లలో ఉన్నాయి. అంధ విద్యార్థి ఒకరు వాటిని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో వినబోతే, తెలుగు మాటలకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ విరామ చిహ్నాలూ వినిపిస్తాయి. 1966లో అధికార భాషా చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. రికార్డులను సూచికలతో, సమాచారం పొందడానికి వీలుగా ఉంచాలని, వీలైనంత వరకు కంప్యూటరీకరించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం చెబుతోంది. అడిగితే ‘అంతా ఆన్‌లైన్‌లో పెట్టేశాం కదండీ’ అంటారు. ప్రతి ఆగస్టు 29న భాషా దినోత్సవ వేదిక మీద శాలువాలు కప్పించుకునే అధికారులు మరుసటి రోజు ఆఫీసుకు వెళ్లి ఆ ఫైలు ఏ ఫాంటులో తయారవుతోందో ఒక్కసారి కూడా చూడకపోవడం క్షమించరానిది.

ఫోన్ల సంగతీ అంతే. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 సంకేతాలే పడతాయి. ‘లక్ష్మి’ అన్న చిన్న పేరే అందులో ఏడు స్థానాలు తీసుకుంటుంది. అందుకేనేమో బిల్లు కట్టమనే సందేశాల వంటివి చాలా వరకు ఇంగ్లీషులో వస్తున్నాయి. కృష్ణ ఒడ్డున ఉన్న పెద్దవాళ్లు వాటిని మనవల చేత చదివించుకోవలసి వస్తోంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేత క్రమంలో పంపితే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక, కొద్ది రోజుల్లోనే ఆపిల్ సంస్థ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పు ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ఇబ్బంది అందరిదీ అయినప్పుడు రోజుల్లో జరిగే పని, మనకు మాత్రమే అయినప్పుడు దశాబ్దాలు పడుతోంది. మన తరఫున గట్టిగా అడిగేవారు లేకపోవడమే దీనికి కారణమని నేను నమ్ముతున్నాను.

తెలుగు అక్షరం సీసం నుంచి తెర మీదకు ఎలా వచ్చిందో మీ అనుబంధంలో మరో వ్యాసం రాయించవలసిందిగా కోరుతున్నాను. ఆనాటి కంపోజిటర్లు, తొలితరం డీటీపీ ఆపరేటర్లు కొందరు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. మీ విలేకరి ఏలూరు రోడ్డు సందుల్లో ఒక పూట తిరిగితే చాలు. అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఇకపై ప్రతి తెలుగు ఉత్తర్వునూ యూనికోడ్ పాఠంగానే విడుదల చేయండి. పాతవాటిని మార్చే పనిని, ఆ ఫాంట్ల లోతుపాతులు తెలిసిన ఈ నగరపు డీటీపీ ఆపరేటర్లకు తగిన పారితోషికం ఇచ్చి అప్పగించండి.

ఇట్లు,
విశ్రాంత ప్రూఫ్ రీడర్,
సత్యనారాయణపురం, విజయవాడ