గుంతలు తవ్వకండి, గునుగు చల్లండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ బెంగళూరు ఎడిషన్‌లో చెరువుగట్టు పక్కన గడ్డి నేలలో మొక్కలు నాటుతున్న ఫోటో వేశారు. అందరివీ ఒకే రంగు టీషర్టులు, చేతుల్లో పారలు, వెనక పెద్ద బ్యానర్. వాళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ అదే ఫోటోలో ముందు వైపు, తవ్విపోసిన మట్టి కింద గులాబీ తెలుపుల్లో నాలుగు పూల వెన్నులు నలిగి ఉన్నాయి చూడండి, అది గునుగు. బతుకమ్మలో పేరుస్తామే, అదే. అంటే అక్కడ పూలు ముందే ఉన్నాయి, వాటిని పెళ్ళగించి పచ్చదనం పెంచారన్నమాట!

నేను విద్యారణ్యపురలో పాతికేళ్ళ నుంచి ఉంటున్నాను, సొంతూరు అనంతపురం వైపు. హెసరఘట్ట మాకు బండి మీద వెళ్ళొచ్చేంత దూరం. అక్కడ 1894లో కట్టిన చెరువు అందరికీ తెలుసు, దాని పక్కన వేల ఎకరాల గడ్డి ఉందంటే మాత్రం "ఏముందండీ అక్కడ, ఖాళీయే కదా" అంటారు. ఆ గడ్డి నేలను కన్జర్వేషన్ రిజర్వు, అంటే చట్టం కాపాడే ప్రాంతం చేయాలన్న ప్రతిపాదనను 2021లో తోసిపుచ్చి 2024లో గానీ ఒప్పుకోలేదంటేనే తెలుస్తోంది, గడ్డి అంటే మనకెంత చులకనో. సర్కారు లెక్కల్లో కూడా ఇలాంటి నేలలు చాలావరకు బంజరు ఖాతాలోనే పడతాయి. బంజరు అని రాసుకున్నాక ఇంకేముంది, గుంత తవ్వి కానుగ మొక్క పెట్టడమే.

మా అక్క కొడుకు అమెరికాలో ఇల్లినాయ్‌లో ఉంటాడు. అక్కడ ప్రెయిరీ అని మనిషెత్తు గడ్డి, మధ్యమధ్యలో రకరకాల పూలు, రెండు కోట్ల ఎకరాలకు పైగా ఉండేదట. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఆ రాష్ట్రంలోనే ఉక్కు నాగలి చేశాక ఆ జిగట నేలంతా దున్ని మొక్కజొన్న వేశారు, ఇప్పుడు చెడకుండా మిగిలింది రెండు మూడు వేల ఎకరాలే. అందుకని అక్టోబరు వచ్చిందంటే మావాడు శనివారాలు నడుముకి బకెట్ కట్టుకుని విత్తనాలు ఏరడానికి పోతాడు. మంచు పడేలోపు చల్లేస్తారు, చాలా రకాల గింజలకు ఆ చలి తగిలితేనే వసంతంలో మొలక వస్తుంది. ఆ చలి మనకు లేదు, అక్కర్లేదు కూడా. కానీ ఏరడం, దాచడం, చల్లడం మనమూ చేయొచ్చు కదా అని నాలుగేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్ వెనక గడ్డిలో మొదలుపెట్టాను.

మొదటి ఏడాది నవ్వులపాలయ్యాను. తంగేడు, గునుగు, తుమ్మి, విష్ణుక్రాంత గింజలు ఆగస్టులో మోకాలెత్తు గడ్డి మీద పిచ్చుకలకు నూకలు వేసినట్టు చల్లాను, ఒక్కటీ రాలేదు. గింజ మట్టిని తాకితే కదా మొలిచేది, నావి గడ్డి మీదే ఆగిపోయాయి, మిగతావి చీమలు మోసుకుపోయాయి. రెండో ఏడాది గడ్డి కోసి, దంతెతో గీరి, మే నెలలో మొదటి వానలు పడగానే గింజలకు నాలుగింతల ఇసుక కలిపి చల్లి, పైన కాళ్ళతో తొక్కాను. గునుగు గింజ ఆవగింజ కంటే చిన్నది, నల్లగా నూనె రాసినట్టు మెరుస్తుంది, దాన్ని మట్టిలో పూడిస్తే రాదు, తొక్కితే చాలు. తంగేడుది వేరే సంగతి, పెంకు మహా గట్టిది, పొయ్యి మీంచి దించిన వేడి నీళ్ళలో వేసి రాత్రంతా వదిలేస్తేనే ఉబ్బుతుంది.

ఆ ఏడాది మొలిచాయి, మొగ్గ కూడా వేశాయి. మొగ్గ విచ్చే వారంలోనే మాలి మిషన్ పెట్టి మొత్తం కొట్టేశాడు. కోపంగా వెళ్ళి అడిగితే "కలుపనుకుంటి సార్, చెప్పింటే వదిలేసేవాన్ని కదా" అన్నాడు. తప్పు నాదే. అతనిది కదిరి దగ్గర పల్లె, తంగేడు గురించి నాకంటే ఎక్కువ తెలుసు, చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ కొమ్మలు కొట్టుకొచ్చి వరిమడిలో తొక్కించేవాడట. సంక్రాంతికి ఊరికి పోయి తిరిగొస్తూ ఎండిన కాయలు ఒక సంచెడు తెచ్చాడు, ఊపితే గలగలమన్నాయి. కాయలు దగ్గర్లోవే అయితే మేలని విన్నాను గానీ కదిరి నాకు దూరం అనిపించలేదు, అది వేరే విషయం.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వెనక తంగేడు పూస్తోంది. పొద్దున ఎనిమిదింటికి వెళితే నల్లటి పెద్ద తుమ్మెదలు పువ్వును పట్టుకుని ఝుమ్మని వణికిస్తాయి, ఆ వణుకుకే పుప్పొడి రాలుతుంది. తంగేడులో తేనె ఉండదు, వాటికి కావలసింది ఆ పొడే. ఆకుల కింద పచ్చ పురుగులుంటాయి, మందు కొట్టకండి, అవే తర్వాత లేత రంగు సీతాకోకచిలుకలై ఎగురుతాయి. గడ్డిదీ ఒక వింత ఉంది. సాక్సుల నిండా గుచ్చుకుని ప్రాణం తీసే ఆ పొడుగు తోక గింజ ఒకటి పీకి అరచేతిలో పెట్టుకుని ఒక చుక్క నీళ్ళు వేయండి, తోక దానంతటదే స్క్రూలా తిరుగుతుంది. వాన పడ్డప్పుడు అలాగే నేలలోకి దిగిపోతుంది, దానికి మన పార అక్కర్లేదు.

ఇంకో మాట. ఆన్‌లైన్‌లో అడవి పూల విత్తనాలని ప్యాకెట్లు అమ్ముతున్నారు, మా కమిటీ వాళ్ళు కూడా ఒకసారి తెప్పించారు. వచ్చినవి నారింజ రంగు కాస్మోస్. దానిది మెక్సికో, పెరట్లో కుండీలో ఎంతైనా పెంచుకోండి, గడ్డి నేలలో చల్లారో మన తుమ్మి మొక్కకు చోటు మిగలదు. వయ్యారిభామతో పడుతున్నది చాలదా? అది పూతకు రాకముందే, చేతులకు గ్లవ్స్ వేసుకుని వేర్లతో సహా పీకాలి, లేకపోతే ఒళ్ళంతా దద్దుర్లు.

గింజలు ఎక్కడ ఏరాలి అని అడుగుతారు. హెసరఘట్టలో వద్దు, అక్కడివి అక్కడే రాలనివ్వండి. రోడ్డు పక్కన, రైలు పట్టాల అవతల, ముఖ్యంగా నాలుగు రాళ్ళు పాతి బోర్డు పెట్టిన సైట్లలో యజమానిని అడిగి ఏరుకోండి, ఎలాగూ రేపు జేసీబీ వస్తుంది. మిగతాచోట్ల మాత్రం పది కాయలుంటే రెండే తీసుకోండి. కాగితపు కవర్లో దాచాలి, ప్లాస్టిక్‌లో అయితే చెమ్మకు బూజు పడుతుంది. కవరు మీద పేరు, తేదీ, చోటు రాయకపోతే మేలో నాలాగే "ఇదేమిటబ్బా" అని తల గోక్కుంటారు.

మీకు నా విన్నపం ఒకటే. వచ్చే జూన్‌లో మొక్కలు నాటే ఫోటోలు మీకు ఎలాగూ వస్తాయి. వేసేముందు మీ విలేఖరితో ఒక్క ప్రశ్న అడిగించండి: గుంత తవ్వకముందు అక్కడ ఏం ఉండేది?

ఇట్లు,
ఒక పాఠకుడు,
విద్యారణ్యపుర, బెంగళూరు