పాస్కల్ అంటే పందెం ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

విశ్వాసం, హేతువు మీద చర్చ వస్తే చాలు, బ్లేజ్ పాస్కల్‌ను లాక్కొస్తారు. దేవుడున్నాడని పందెం కాస్తే పోయేది తక్కువ, వచ్చేది అనంతం అన్న వాదన చెప్పి, దాని లొసుగులు చూపించి వదిలేస్తారు. ఇది ఆయనకు అన్యాయం.

1623లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్‌లో పుట్టిన పాస్కల్ ముందు లెక్కల మనిషి. ఇరవై ఏళ్లు నిండకముందే లెక్కలు చేసే యంత్రం మొదలుపెట్టాడు. 1648లో తన బావ చేత పాదరసం గొట్టాలతో కొండమీద ప్రయోగం చేయించి, ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందని చూపించాడు. 1654 నవంబరు 23 రాత్రి గాఢమైన దైవానుభవం కలిగిన తర్వాత కూడా గణితాన్ని పూర్తిగా వదల్లేదు. హేతువును బయటికి నెట్టేయడం, హేతువును తప్ప దేన్నీ ఒప్పుకోకపోవడం, రెండూ అతి పోకడలే అని రాసినవాడు ఆయన. ఈ మాట మీద ఎంత చర్చ జరగాలి!

క్రైస్తవం పక్షాన రాయాలనుకున్న పుస్తకం పూర్తికాకుండానే, 1662లో 39 ఏళ్లకే చనిపోయాడు. ఆ చిత్తు కాగితాలే 1670లో ‘పాన్సే’ పేరుతో అచ్చయ్యాయి. పందెం అందులో ఒక తునక. అక్కడ కూడా అవతలి మనిషి ‘నమ్మలేకపోతున్నాను’ అంటాడు. పాస్కల్ ఆ మాటను కొట్టిపారేయడు, ఆ టెన్షన్‌ను సీరియస్‌గా తీసుకుంటాడు. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఆ పేజీలు పూర్తిగా చదవాలని నా కోరిక. మీ ఆదివారం సంచికలో ఆయన మీద ఒక పెద్ద వ్యాసం వేయండి.

— ఒక లెక్కల టీచర్