హైదరాబాదు వాయుసేనాధిపతిని మరచిపోయామా?

భారత వాయుసేనకు అధిపతిగా పనిచేసిన హైదరాబాదీ ఇద్రిస్ హసన్ లతీఫ్ పేరు సొంత నగరంలోనే నేటి విద్యార్థులకు తెలియకపోవడం విచారకరం. ఇటీవల ఒక పాఠశాలలో పదో తరగతి పిల్లలను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు, ఉపాధ్యాయులూ తడబడ్డారు. 1923లో జన్మించి, నిజాం కళాశాలలో చదివి, 1942లో పద్దెనిమిదేళ్ల ప్రాయంలోనే వాయుసేనలో అధికారిగా చేరిన ఆయన, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో హరికేన్ విమానాలు నడిపారు. దేశ విభజన వేళ సహచరులు కొందరు పాకిస్తాన్‌కు రమ్మని కోరినా భారత్‌నే ఎంచుకున్నారు. ఆ ఒక్క నిర్ణయమే పాఠ్యాంశం కాదగినది. 1978 నుంచి 1981 వరకు వాయుసేనకు సారథ్యం వహించిన కాలంలోనే జాగ్వార్ విమానాలు మన దళంలో చేరాయి. అటుపై మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో రాయబారిగా సేవలందించి, 2018లో హైదరాబాదులోనే కన్నుమూశారు. ఒక నిలువెత్తు విగ్రహం పెట్టి చేతులు దులుపుకోవడం (మనకది అలవాటే) కన్నా, ఆయన జీవితాన్ని ఉన్నత పాఠశాల తెలుగు వాచకంలో పాఠంగా చేర్చాలి. ఏటా అక్టోబరు 8న, వాయుసేన దినోత్సవం నాడు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను దుండిగల్ వాయుసేన అకాడమీ సందర్శనకు తీసుకువెళ్లేలా విద్యాశాఖ వాయుసేన అధికారులతో మాట్లాడి ఏర్పాటు చేయాలి.